ఇస్త్రీ అక్క రాసిన అమ్మ

మా క్లాసు స్విమ్మింగ్ పూల్ పై అంతస్తులో జరిగేది. కింద నీళ్ళు, పైన మేము. సాయంత్రం ఎండ వాలి నీళ్ళ మీద పడేసరికి ఆ వెలుగు కిటికీల గుండా పైకి వచ్చి మా గది కప్పు మీద అలలు అలలుగా కదిలేది. కాసేపటికి నల్లబల్ల మీదకి కూడా దిగేది. అసలే మాకు అక్షరాలతో కొత్త పరిచయం, పైగా అవి ఉన్నచోట ఉండకుండా ఊగుతుండేవి. కింద ఎవరో దూకిన చప్పుడు, పిల్లల కేకలు, ఈత నేర్పే ఆయన ఈల, అన్నీ మెత్తబడి నిద్రలో విన్నట్టుగా పైకి వచ్చేవి. నేను తెల్లవారకముందే లేచి బేకరీలో బట్టీ ముందు నిలబడే మనిషిని. ఆ గదిలో కుర్చీ తగిలితే చాలు, కళ్ళు వాటంతటవే మూతపడేవి.

"నిద్రపోవడానికి ఇంత దూరం రావాలా అన్నా? ఇంట్లో మంచం లేదా?" అనేవాడు నా పక్కన కూర్చునే క్రేన్ డ్రైవరు.

మంచం ఉంది. ఆ మంచం మీద మా ఆవిడ కూడా ఉంది. ఆవిడ పోరు పడలేకే నేను చదువులో చేరాను. చేరినందుకు నాకేమీ చిన్నతనం లేదు గానీ, అప్పుడప్పుడు మా క్లాసు చూడటానికి ఎవరో పెద్దమనుషులు వచ్చి, "ఈ వయసులో ఎంత శ్రద్ధో పాపం!" అని తెగ మురిసిపోయేవారు. అప్పుడు మాత్రం నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఈ వయసులో తిండి తింటే ఆశ్చర్యపోరు, అప్పులు చేస్తే ఆశ్చర్యపోరు, అక్షరం ముక్క రాస్తే మాత్రం నోళ్ళు వెళ్ళబెడతారు. వాళ్ళు వెళ్ళేదాకా నేను నిద్ర నటించేవాణ్ణి, కాసేపటికి అది నటన కాకుండా పోయేది.

టీచరమ్మకి ఒక పద్ధతి ఉండేది. కూడబలుక్కుని నాలుగు వాక్యాలు రాయడం వచ్చిన దగ్గర్నుంచీ వారానికోసారి ఎవరో ఒకరు లేచి తాము రాసింది చదవాలి. మిగతావాళ్ళం కళ్ళు మూసుకుని వినాలి. చదవడం అయ్యాక ఆవిడ అడిగేది ఒక్కటే, "ఏం కనిపించింది?" అని. బాగుందా లేదా అని అడగదు. తప్పులు దిద్దడం ఆ తర్వాతి సంగతి. ఏమీ కనిపించకపోతే కనిపించలేదని మొహం మీదే చెప్పేయాలి. కళ్ళు మూసుకోవడమే చదువైతే నాకంటే మంచి విద్యార్థి ఎవరు? కాకపోతే సగం నిద్రలో వాళ్ళ మాటలూ నా కలలూ కలిసిపోయేవి. ఒకసారి కొళాయిలు బాగుచేసే ఆయన తన పని గురించి చదువుతుంటే, గొట్టాల్లోంచి వేడివేడి రొట్టెలు జారిపడటం కనిపించింది. అదే చెప్పాను. అందరూ పగలబడి నవ్వారు గానీ టీచరమ్మ నవ్వలేదు. "గొట్టాలు కనిపించాయిగా, చాలు" అంది.

ఆ క్లాసులో ఇస్త్రీ అక్క అంటే అందరికీ ఇష్టం. ఒక పెద్ద హోటల్ నేలమాళిగలో లాండ్రీ ఉంది, అందులో పని. దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు కొండలు కొండలుగా వచ్చి పడతాయి. అతిథుల చొక్కాలు మాత్రం అక్క చేతికే వస్తాయి. ముందు కాలరు, తర్వాత భుజాలు, చివరికి ముందు భాగం. నీళ్ళు చిలకరిస్తే ఆవిరి లేచి ఆమె నడుము పైభాగం మాయమయ్యేది. బన్నులు ఇవ్వడానికి హోటల్ వెనక గుమ్మం నుంచి వెళ్ళినప్పుడల్లా నాకు ఆవిరిలోంచి ముందు ఆమె మాటలే వినిపించేవి.

అవేం మాటలనుకున్నారు! చొక్కా చేతికి తీసుకుని దాని యజమాని జాతకం చెప్పేది. "ఈయన పెళ్ళాంతో గొడవపడి వచ్చాడు తమ్ముడూ. బొత్తాం కుట్టుకున్న తీరు చూడు, ఎంత కోపంగా కుట్టుకున్నాడో." ఇంకో చొక్కా ఎత్తి, "ఈ పిల్లాడికి ఇవాళ ఉద్యోగం వస్తుంది, చంకలు చూడు, చెమటతో ఎంత తడిపాడో పాపం, దేవుడు ఇవ్వకపోతే నేనే ఇస్తాను" అనేది. ఆ తడి బట్టల మధ్య నిలబడి వింటుంటే ఆ చొక్కాల్లోకి మనుషులు వచ్చి నిలబడినట్టే ఉండేది. నాకు బేకరీకి వెళ్ళాలనిపించేది కాదు.

అలాంటి మనిషి మొదటిసారి లేచి చదివింది ఇది: "అమ్మ మంచిది. అమ్మ పని చేయును. అమ్మ నన్ను ప్రేమించెను. అమ్మను మరువరాదు."

"ఏం కనిపించింది?" అని టీచరమ్మ అడిగింది.

క్రేన్ డ్రైవరు, "చీకటే అక్కా. కరెంటు పోయినట్టుంది" అన్నాడు.

అందరితో పాటు అక్క కూడా నవ్వింది. కానీ ఆ కాగితాన్ని మడత మీద మడత పెట్టి గోరంత చేయడం నేను చూశాను. ఆ సాయంత్రం ఇద్దరం ఒకే దారిన నడుస్తుంటే, "మాట్లాడితే మనుషుల్ని నిలబెడతావు, రాసేసరికి ఏమవుతుందక్కా నీకు?" అని అడిగాను.

"రాత అంటే నలక్కూడదు కదా తమ్ముడూ," అంది. ఒక్కో వాక్యాన్నీ నోట్లో పదిసార్లు తిప్పుకుంటుందట. వంకరగా ఉన్న మాట తీసేస్తుంది, బరువుగా ఉన్నది తీసేస్తుంది, నలిగినట్టున్నది తీసేస్తుంది. చివరికి ఏది మిగిలితే అది కాగితం మీద పెడుతుంది. "ముడత ఉంటే పదిమందీ చూసి నవ్వరూ?" అని అడిగింది. ముడతలు తీయడం జీవితమంతా చేసిన చెయ్యి, దానికి ఆపడం ఎవరు నేర్పుతారు?

తర్వాత ఆమే అసలు సంగతి చెప్పింది. ఆమె కూతురు కడుపుతో ఉంది, తల్లి దగ్గరే ఉంటోంది. ఒకరోజు ఆ పిల్ల, "అమ్మమ్మ ఎలా ఉండేదమ్మా? నీలాగా, నాలాగా?" అని అడిగిందట. అక్క నీళ్ళు నమిలింది. తల్లి పోయేనాటికి అక్క ఇంకా చంకదిగని పిల్ల. ఫోటో ఒక్కటి కూడా లేదు. తండ్రి పని వెతుక్కుంటూ వెళ్ళి మళ్ళీ రాలేదు. పెంచిన పిన్ని మంచిదే గానీ, ఎప్పుడు అడిగినా "మీ అమ్మా? బాగానే ఉండేది" అని పనిలో పడిపోయేది. ఇప్పుడు ఆ పిన్నీ లేదు.

"నేనెప్పుడో ఇస్త్రీ చేసిన చొక్కాలు గుర్తున్నాయి తమ్ముడూ. వాటి చిరుగులు గుర్తున్నాయి. కన్నతల్లి మొహం గుర్తు లేదు. కన్నతల్లి మొహం మర్చిపోయినదాన్ని మనిషంటారా?" అంది.

అందుకే ఆమె చదువులో చేరింది. రాయడం వస్తే, రాస్తూ రాస్తూ ఉంటే, ఎక్కడో అడుగున ఉన్న ఆ ముఖం పైకి తేలుతుందని ఆమె ఆశ. బిడ్డ పుట్టేలోపు కూతురి చేతిలో అది పెట్టాలి. చిన్నపాటి ఆశేమీ కాదు అది, నాకైతే వింటుంటేనే భయం వేసింది.

ఆ తర్వాత అక్క బాగా కష్టపడింది. దుకాణాల్లో అమ్మే శుభాకాంక్షల కార్డులు తెచ్చుకుని వాటిలో మాటలు ఏరుకుంది. రెండోసారి లేచినప్పుడు "కరుణామయి", "త్యాగమూర్తి", "సహనానికి మారుపేరు" అంటూ గుక్క తిప్పుకోకుండా చదివింది. మాటలన్నీ నునుపుగా, మెరుస్తూ, ఒకదాని మీద ఒకటి జారిపోయాయి. నాకు హాయిగా నిద్రపట్టింది.

"పార్కులో విగ్రహం కనిపించింది. నెత్తిమీద పావురాలు కూడా ఉన్నాయి," అన్నాడు క్రేన్ డ్రైవరు. వాడి నోటికి తాళం వేయాలని నాకు చాలాసార్లు అనిపించింది, కానీ వాడు చెప్పింది నిజమే. అక్క మొహం మాడ్చుకుని కూర్చుంది.

మూడోసారి మాత్రం అందరి నోళ్ళూ మూయించింది. ఆ రోజు నీళ్ళ వెలుగు గోడ దిగి ఆమె కాగితం మీదే ఆడుతోంది. "మా అమ్మది గుండ్రటి మొహం. ఎడమ చెంప మీద చిన్న పుట్టుమచ్చ. నవ్వితే రెండు సొట్టలు పడేవి. జుట్టు వెనక్కి చుట్టి ముడి వేసుకునేది, చెవి దగ్గర ఒక పాయ మాత్రం జారిపోయేది. పళ్ళు తెల్లగా వరసగా ఉండేవి. చేతులు ఎప్పుడూ నీళ్ళలో ఉండేవి. నన్ను చూసి తల పక్కకి వంచి నవ్వేది."

ఈసారి నేను నిద్రపోలేదు. కళ్ళ ముందు ఆవిడ వచ్చి నిలబడింది, పుట్టుమచ్చతో సహా. అందరికీ కనిపించింది. అందరికీ ఒకే మనిషి కనిపించింది. క్రేన్ డ్రైవరు కూడా, "అబ్బ, ఎంత బాగుంది అక్కా మీ అమ్మ!" అన్నాడు. టీచరమ్మ చప్పట్లు కొట్టింది. ఏటా మా రాతలతో ఒక చిన్న పుస్తకం వేసి కింద టికెట్ల కౌంటరు దగ్గర పెడతారు, అందులో మొదటి పేజీ ఇదేనని అక్కడికక్కడే చెప్పేసింది. అక్క కూర్చుంది. అందరూ మెచ్చుకుంటుంటే ఆమె ఎందుకో ఒక్కసారి కూడా తలెత్తలేదు, సిగ్గు కాబోలు అనుకున్నాను.

ఆ తర్వాత ఆమె క్లాసుకి రావడం మానేసింది.

ఒక వారం పోయింది, ఇంకో వారం పోయింది. కూతురికి బాగాలేదేమో అనుకున్నాం. హోటల్ వెనక గుమ్మం దగ్గర కూడా ఆవిరిలోంచి ఆమె మాట వినిపించడం లేదు. మూడో వారం బన్నులు ఇవ్వడానికి వెళ్ళి, నేరుగా ఆవిరిలోకి నడిచాను. అక్క ఒక్కతే ఉంది. పెద్ద దుప్పటి ఒక కొస పట్టుకుని అవతలి కొస పట్టేవాళ్ళ కోసం చూస్తోంది. నేను పట్టుకున్నాను. ఇద్దరం ఎదురెదురుగా నడిచి, కొసలు కలిపి, మళ్ళీ వెనక్కి నడిచాం. రెండో మడతకి ఎదురొచ్చినప్పుడు ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎందుకు రావట్లేదు?" అన్నాను.

ఆమె గోడవైపు చూపించింది. అక్కడ సబ్బుపొడి డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ప్రతి డబ్బా మీదా ఒకావిడ. గుండ్రటి మొహం. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ. రెండు సొట్టలు. నురగలో చేతులు పెట్టి, తల పక్కకి వంచి నవ్వుతోంది. పైనుంచి కిందిదాకా గోడ నిండా ఆవిడే.

"అదిగో, మా అమ్మ," అంది అక్క.

నాకు నవ్వొచ్చింది, ఎంత ఆపుకున్నా ఆగలేదు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే పక్కనున్న తువ్వాళ్ళ గుట్ట మీద కూలబడి, నవ్వు ఎక్కడ ఆగిందో ఏడుపు ఎక్కడ మొదలైందో తెలియకుండా ఏడ్చింది.

"కావాలని చెయ్యలేదు తమ్ముడూ. మొహం గుర్తు తెచ్చుకోవాలని కళ్ళు మూసుకుని కూర్చున్నాను. వచ్చింది. చక్కగా వచ్చింది. ఎన్నేళ్ళకి వచ్చావే అమ్మా అని ఏడుస్తూ రాశాను. మర్నాడు పనిలోకి వచ్చి డబ్బా తెరుస్తుంటే దాని మీద ఈవిడే నవ్వుతోంది. అయినా నోరు మూసుకుని మీ అందరి ముందూ చదివాను. ఈసారైనా చీకటి అనరులే అనుకున్నాను."

"పోనీలే అక్కా, ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుసుగా. రాసిన రాత్రే ఇంట్లో చదివి వినిపించాను, మా అమ్మాయి అద్దం ముందు నిలబడి చెంపలు తడుముకుంటోంది, పుట్టేదానికి అమ్మమ్మ మచ్చ వస్తుందేమోనని. దానికేం చెప్పను?" ఆమె ముక్కు తుడుచుకుంది. "అది కూడా కాదు అసలు బాధ. ఇదివరకు మొహం లేకపోయినా ఏదో ఉండేది. వెచ్చగా, చీకటిగా, ఏదో ఒకటి. నిద్రపట్టే ముందు దాని పక్కన పడుకునేదాన్ని. ఇప్పుడు కళ్ళు మూస్తే ఈవిడ వచ్చి కూర్చుంటోంది, చేతుల నిండా నురగతో. రాయడం నేర్చుకుని ఉన్న అమ్మని కూడా పోగొట్టుకున్నాను."

ఓదార్చడం నాకు చేతకాదు. నాకు చేతనైంది కసరడం. "అయితే వచ్చి కొట్టెయ్. పెన్సిలు చేతికిచ్చింది రాయడానికి ఒక్కదానికేనా? పుస్తకం ఇంకా అచ్చుకి వెళ్ళలేదు. ఇక్కడ కూర్చుని ఏడిస్తే డబ్బా మీద ఆవిడ దిగి వెళ్ళిపోతుందా?" అన్నాను. అని, బన్నుల బుట్ట అక్కడే మరిచిపోయి వచ్చేశాను.

ఆ వారం ఆమె వచ్చింది. అందరి ముందూ నిలబడి, "నేను రాసింది అబద్ధం. ఆ మొహం సబ్బుపొడి డబ్బా మీదది. తీసేయండి," అని ఒక్క గుక్కలో చెప్పేసింది. నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. క్రేన్ డ్రైవరు నేల చూపులు చూశాడు.

"తీసేస్తాను. మరి ఏం రాస్తారు?" అంది టీచరమ్మ.

"ఏముంది రాయడానికి? నాకు గుర్తు లేదు."

"గుర్తు లేదని రాయొచ్చుగా?"

అక్క ఆవిడ వైపు విచిత్రంగా చూసింది. "అలా కూడా రాస్తారా?"

"రాస్తారు. మొహం ఒక్కటి వదిలేయండి. ఆవిడ దగ్గర మీరున్నప్పటి సంగతి ఏదైనా ఉంటే అది రాయండి. ముక్కలైనా ఫరవాలేదు. నలిగినా ఫరవాలేదు."

అక్క కిటికీ పక్క కుర్చీకి వెళ్ళి కూర్చుంది. మేమంతా ఏదో రాసుకుంటున్నట్టు తలలు వంచుకున్నాం. ఎండ వాలుతోంది. కప్పు మీద నీళ్ళు కదులుతున్నాయి. ఆమె రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది. కాగితం చిరిగేలా కొట్టేసింది. చాలాసేపు పెన్సిలు పట్టుకుని ఊరికే కప్పు వైపు చూసింది. కింద ఈతగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతుంటే చప్పుళ్ళు పలచబడ్డాయి. ఆ గది మొత్తం నీళ్ళ అడుక్కి దిగి కూర్చున్నట్టుంది నాకు. ఎప్పుడో ఆమె లేచింది. ఆమె చేతిలో కాగితం చూడాలి, చొక్కా అయితే విసిరి కొట్టేది, అంత నలిగిపోయి ఉంది.

మేం కళ్ళు మూసుకున్నాం. ఆమె చదివింది.

"మా అమ్మ మొహం నాకు గుర్తు లేదు. పుట్టుమచ్చ నేను పెట్టాను. అది కొట్టేశాను.

"అమ్మ పని నుంచి వచ్చి నన్ను పక్కింట్లోంచి ఎత్తుకునేది. మా గది పైన. మెట్లు ఇనుపవి, అడుగేస్తే మోగేవి. కమ్మీలు కుడి పక్కన. నేనూ అమ్మకి ఆ పక్కనే, చంకలో. ఒక్కో కమ్మీ పట్టుకుని వదిలేదాన్ని. పట్టుకుంటే అమ్మ ఆగేది. వదిలితే ఎక్కేది. ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. విసుక్కుందేమో. నాకు తెలీదు.

"తలుపు దగ్గర నన్ను దించేది కాదు. దించితే ఏడుస్తాను. ఒక్క చేత్తోనే తాళం తీసేది. తాళం బిగుసుకుపోయేది. అమ్మ పళ్ళ సందుల్లోంచి గాలి పీల్చేది, ఇస్, ఇస్ అని. ఆ చప్పుడు నా చెవిలోనే ఉండేది. మోకాలితో తలుపు నెట్టేది. అప్పుడు నేను ఊగేదాన్ని.

"అమ్మ చెవి వెనక తడిగా ఉండేది. ఉప్పగా ఉండేది. నాకెలా తెలుసంటే నాకేదాన్ని.

"లోపలికి వచ్చాక వెంటనే లైటు వేసేది కాదు. నన్ను ఎత్తుకుని చీకట్లో అలాగే నిలబడేది. ఎందుకో అప్పుడు తెలీదు. ఇప్పుడు నేనూ పని నుంచి వచ్చి అలాగే నిలబడతాను. అంతే. ఇంకేం గుర్తు లేదు."

చదవడం అయిపోయింది. ఎవరమూ కళ్ళు తెరవలేదు. నేను ఇంకా ఆ మెట్ల మీదే ఉన్నాను. నా బుగ్గకి ఏదో తడి తగులుతోంది, నాకు ఎక్కడా భయం లేదు. అంత భయం లేకుండా నేను చిన్నప్పుడు కూడా ఉన్నట్టు గుర్తు లేదు.

ముందు క్రేన్ డ్రైవరే మాట్లాడాడు. "తాళం తీయడం కనిపించిందక్కా. ఎడమ చేత్తో తీసింది."

"ఎడమ చెయ్యని నేను రాయలేదే," అంది అక్క.

"కుడి చంకలో నువ్వున్నావుగా. ఇంక మిగిలింది ఏ చెయ్యి? మా ఆవిడ పిల్లాణ్ణి ఎప్పుడూ ఎడమ వైపే ఎత్తుకుంటుంది, కుడి చెయ్యి పనికి కావాలి కదా. మీ అమ్మకి ఎడమ చెయ్యే వాటం."

అక్క కాగితం వైపు చూసింది. తన రాతలో తాను పెట్టనిది ఏదో దొరికినట్టు ఆ వాక్యం మీద వేలు పెట్టి మళ్ళీ చదువుకుంది. "ఎడమ చేతి వాటమా?" అంది మెల్లగా. "నాకెవరూ చెప్పలేదు. పిన్ని కూడా చెప్పలేదు." తర్వాత అందరినీ కాదు, నన్నే అడిగింది. "నీకు తమ్ముడూ? నిద్రపోయావా? మొహం ఏమైనా కనిపించిందా?"

ఆ గొంతులో ఆశ వింటే ఎవరికైనా అబద్ధం చెప్పాలనిపిస్తుంది. నేను చెప్పలేదు.

"లేదక్కా. చెవి కనిపించింది. మెడ కనిపించింది. మొహం ఎలా కనిపిస్తుంది? నువ్వు ఆవిడ భుజం మీద మొహం పెట్టుకుని ఉన్నావు. ఇంకెవరైనా ఎదురుగా నిలబడితే వాళ్ళకి కనిపించాలి గానీ, నీకెలా కనిపిస్తుంది?"

గోడ మీద వెలుగు చివరిసారి కదిలి ఆగిపోయింది. "అయితే," అంది అక్క, కాగితం వైపు చూసి మళ్ళీ అంది, "అయితే నేను మర్చిపోలేదా?"

"చూస్తేగా మర్చిపోవడానికి," అన్నాను. నా మాట నాకే కరుకుగా వినిపించింది. కానీ ఆమె కాగితం గుండెకి అదుముకుని చిన్నపిల్లలా ఏడ్చింది. ఆ ఏడుపు లాండ్రీలో చూసిన ఏడుపు కాదు. మేమెవరమూ ఊరుకోమనలేదు.

తర్వాత ఆమె కూర్చుని కాగితం అడుగున ఇంకో వాక్యం రాసి, మాకు చదివి వినిపించకుండానే టీచరమ్మ చేతిలో పెట్టి, అమ్మాయి ఒక్కతే ఉందంటూ గబగబా మెట్లు దిగిపోయింది.

ఆ సాయంత్రమే కూతురికి అంతా చెప్పేసిందట. డబ్బా మీద ఆవిడ సంగతి విని ఆ పిల్ల కడుపు పట్టుకుని నవ్వి, ఇక చాలమ్మా, ఇప్పుడే కనేస్తాను అందట. నవ్వడం అయ్యాక, చీకటి పడుతున్నా లైటు వేయనివ్వకుండా తల్లి పక్కన కూర్చుని, ఆ మెట్ల సంగతి మళ్ళీ మళ్ళీ చెప్పించుకుందట. ఇవన్నీ అక్క చెప్పగా విన్నవి, అందుకని ఎంత నిజమో ఎంత ఆవిరో నాకు తెలియదు.

పుస్తకం అచ్చయి వచ్చింది. టికెట్ల కౌంటరు దగ్గర ఒకటి తీసుకుని మర్నాడు బేకరీకి పట్టుకెళ్ళాను. రొట్టెలు లోపల పెట్టి, బట్టీ ముందు స్టూలు వేసుకుని, వేలు పెట్టి ఒక్కో మాటా చదువుకుంటూ పోయాను. టీచరమ్మ ఎక్కడా ముడత తీయలేదు. "విసుక్కుందేమో. నాకు తెలీదు" కూడా అలాగే ఉంది. మేం వినని చివరి వాక్యం పేజీ అడుగున ఉంది.

"అమ్మ నన్నెప్పుడూ మొహం కనిపించేంత దూరంలో పెట్టలేదు."

నేను దాన్ని మళ్ళీ చదివాను. మా ఆవిడకి వినిపించాలని ఇంకోసారి పైకి చదివి చూసుకున్నాను. ఆ పూట రొట్టెలన్నీ మాడిపోయాయి, యజమాని వచ్చి నోటికొచ్చినట్టు తిట్టాడు, నేను పుస్తకానికి పిండి అంటకుండా చొక్కాలో దాచుకున్నాను.